రబ్బరు పాల నుంచి లాటెక్స్ ఫోమ్ దాకా: డన్‌లప్ పద్ధతిలో తయారీ, లోపాలు, వాడకం

రబ్బరు పాలను నురుగు కొట్టడం పెద్ద విద్యేం కాదు. సబ్బు కాస్త ఎక్కువ వేసి గట్టిగా గిలక్కొడితే పది రెట్లు పొంగుతాయి. ఆ నురుగు కుంగిపోకముందే పేరుకునేలా చూడటం, పూర్తిగా పేరుకున్నాకే దానికి ఆవిరి పట్టడం... ఇక్కడే పని తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తేడా కనిపిస్తుంది. ఫోమ్‌లో వచ్చే లోపాల్లో చాలావరకు ఈ రెండు సమయాలు తప్పడం వల్ల వచ్చేవే. ఆ సమయాలను శాసించేది చాలావరకు లాటెక్స్‌లోని, అంటే రబ్బరు పాలలోని, అమ్మోనియా. అందుకే ఈ మార్గదర్శిలో దానికి ఎక్కువ చోటిచ్చాం.

ఫోమ్ తయారీకి రెండు పద్ధతులున్నాయి. 1929లో బర్మింగ్‌హామ్‌లోని డన్‌లప్ ప్రయోగశాలలో ఇ.ఎ. మర్ఫీ బృందం రూపొందించిన పద్ధతిలో నురుగును రసాయనంతో పేరుకునేలా చేస్తారు. రెండోది టాలలే పద్ధతి. ఇందులో అచ్చును కొంతవరకే నింపి మూత బిగిస్తారు. వాక్యూమ్‌తో నురుగును పొంగించి, గడ్డకట్టే చలికి గురిచేసి, లోపలికి కార్బన్ డయాక్సైడ్ పంపి పేరుకునేలా చేస్తారు. ఫోమ్ పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా వస్తుంది. కానీ శీతలీకరణ, వాక్యూమ్ యంత్రాలు కావాలి కాబట్టి చిన్న యూనిట్‌కు అది అందే పని కాదు. ఇక్కడ చెప్పేదంతా డన్‌లప్ పద్ధతి గురించే.

ముడిసరుకు: ఏ లాటెక్స్ కొనాలి

చెట్టు నుంచి దిగిన పాలలో రబ్బరు 30–35 శాతమే ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో చిక్కబరిచి 60 శాతానికి తెచ్చిన లాటెక్స్ కొనాలి. పొడి రబ్బరు శాతాన్ని ఈ రంగంలో డీఆర్సీ అంటారు. డ్రమ్ము మీద 60 శాతం డీఆర్సీ అని ఉన్నా, సరుకు వచ్చిన ప్రతిసారీ ఓసారి పరీక్షించుకోండి.

నిల్వ కోసం కలిపే అమ్మోనియాను బట్టి ఇది రెండు రకాలు. హై అమ్మోనియా రకంలో దాదాపు 0.7 శాతం, లో అమ్మోనియా రకంలో 0.2 శాతం చుట్టూ ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లో అమ్మోనియా రకం తీసుకుంటే అమ్మోనియా తగ్గించే పని తప్పుతుంది. మరీ తాజా లాటెక్స్ వద్దు. సెంట్రిఫ్యూజ్ అయ్యాక రెండు మూడు వారాలు ఆగిన సరుకు నురుగుకు మంచిది. ఆలోగా అమ్మోనియా లాటెక్స్‌లోని కొవ్వు పదార్థాలను విడగొట్టి సహజమైన సబ్బులు పుట్టిస్తుంది. అలాగని నెలల తరబడి డ్రమ్ముల్లో మగ్గిన సరుకూ పనికిరాదు. పరీక్ష పత్రంలో వీఎఫ్ఏ (ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాల) సంఖ్య చూడండి. అది 0.05కు అటూఇటూ ఉంటే సరే. పెరిగేకొద్దీ బాక్టీరియా లాటెక్స్‌ను పాడుచేసిందని అర్థం.

రాగి, ఇత్తడి పాత్రలు దగ్గరకే రానివ్వకండి. రాగి, మాంగనీసు లేశమాత్రం కలిసినా తయారైన ఫోమ్ కొన్నాళ్లకే జిగురెక్కి కుళ్లినట్టవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్, ఎనామిల్ పాత్రలే వాడాలి. కాల్షియం, మెగ్నీషియం లాటెక్స్‌ను విరిచేస్తాయి కాబట్టి నీళ్లు కూడా ఉప్పునీళ్లు కాకుండా మెత్తటివో డిస్టిల్డ్ నీళ్లో ఉండాలి.

పాళ్లు

పొడి రబ్బరు 100 పాళ్లు అనుకుని మిగతావి లెక్కేయడం ఈ రంగంలో ఆనవాయితీ. కింద ఇచ్చినవి తూచాల్సిన తడి బరువులు. డిస్పర్షన్ అంటే నీళ్లలో మెత్తగా నూరిన పొడి. ఇవి 16 లీటర్ల అచ్చుకు, అంటే 80 × 40 × 5 సెంటీమీటర్ల సీటు దిమ్మకు సరిపోతాయి.

- 60 శాతం లాటెక్స్: 1,670 గ్రాములు
- 20 శాతం పొటాషియం ఓలియేట్ సబ్బు: 50 గ్రాములు
- 50 శాతం గంధకం డిస్పర్షన్: 40 గ్రాములు
- 50 శాతం జెడ్‌డీసీ (జింక్ డైఇథైల్ డైథయోకార్బమేట్) డిస్పర్షన్: 20 గ్రాములు
- 50 శాతం జెడ్‌ఎంబీటీ (జింక్ మెర్కాప్టో బెంజోథయాజోల్) డిస్పర్షన్: 20 గ్రాములు
- 50 శాతం యాంటీఆక్సిడెంట్ డిస్పర్షన్: 20 గ్రాములు
- 50 శాతం జింక్ ఆక్సైడ్ డిస్పర్షన్: 60 గ్రాములు
- 40 శాతం డీపీజీ (డైఫినైల్ గ్వానిడీన్) డిస్పర్షన్: 7.5 గ్రాములు
- 20 శాతం సోడియం సిలికోఫ్లోరైడ్ డిస్పర్షన్: 50 గ్రాములు

మొత్తం 1,937 గ్రాములు. ఇందులో ఘనపదార్థం దాదాపు 57 శాతం. అచ్చు నుంచి పొర్లేది, గిన్నెకు అంటుకునేది కూడా ఉంటుంది కాబట్టి అన్నీ పదో వంతు పెంచి కలుపుకోవడం మేలు.

జెడ్‌డీసీ గురించి ఒక మాట. వల్కనైజింగ్‌లో, అంటే గంధకంతో వేడిమీద రబ్బరును గట్టిపరిచేటప్పుడు, దీని నుంచి నైట్రోసమైన్లు పుట్టే అవకాశం ఉంది. అవి క్యాన్సర్ కారకాల కోవలోకి వస్తాయి. ఒంటికి తగిలే దిండ్లు, పరుపులు చేసేవాళ్లు దాని బదులు జెడ్‌బీఈసీ (జింక్ డైబెంజైల్ డైథయోకార్బమేట్) వాడటం మంచిది. కాస్త నిదానంగా పనిచేస్తుంది, అంతే.

సబ్బును ఇంట్లోనే కాచుకోవచ్చు. 100 గ్రాముల ఓలియిక్ ఆమ్లానికి శుద్ధమైన పొటాషియం హైడ్రాక్సైడ్ 20 గ్రాములు పడుతుంది. బజారు సరుకు 85 శాతమే అయితే 23.5 గ్రాములు తీసుకోండి. రెంటినీ విడివిడిగా వేడి నీళ్లలో కలిపి 70 డిగ్రీల దగ్గర ఒకదాంట్లో ఒకటి పోస్తూ తిప్పి, మొత్తం బరువు 570 గ్రాములకు తెస్తే 20 శాతం సబ్బు తయారు.

పొడులను నూరడం

గంధకం, జింక్ ఆక్సైడ్ లాంటి పొడులను నేరుగా లాటెక్స్‌లో వేస్తే అవి దానిలోని నీటిని పీల్చి గడ్డలు కట్టిస్తాయి. అందుకే ముందు నీళ్లలో బాల్ మిల్లు (గుండ్లతో నూరే యంత్రం) పట్టాలి. పొడి 50 పాళ్లు, డిస్పర్సింగ్ ఏజెంట్ (పొడి గడ్డకట్టకుండా చూసే పదార్థం) 1 నుంచి 1.5, మిగతాది నీళ్లు. జింక్ ఆక్సైడ్‌కు 24 గంటలు, యాక్సిలరేటర్లకు (వల్కనైజింగ్‌ను వేగిరపరిచే జెడ్‌డీసీ, జెడ్‌ఎంబీటీ) 48 గంటలు, గంధకానికి 72 గంటలు.

నలిగిందో లేదో చూడటానికి పరికరాలేం అక్కర్లేదు. గాజు గ్లాసు నిండా నీళ్లు తీసుకుని ఒక్క చుక్క వదలండి. మబ్బులా విచ్చుకుని మెల్లగా దిగితే నలిగినట్టు. రేణువులు తెంపుకుని అడుక్కి పోతుంటే ఇంకా తిప్పాలి. సరిగా నలగని గంధకం ఫోమ్ అడుగున చేరుతుంది. పైభాగం మెత్తగా జిగటగా, కింది భాగం గట్టిగా తయారవుతుంది. నిల్వ ఉంచిన డిస్పర్షన్లను తూచేముందు అడుగంటా కలిపి తీరాలి. తేలిగ్గా మర్చిపోయే పని ఇదే.

అమ్మోనియా తగ్గించడం

హై అమ్మోనియా లాటెక్స్ అయితే అందులోని అమ్మోనియాను 0.15–0.2 శాతానికి దించాలి. వెడల్పాటి తొట్టెలో పోసి, నురుగు రాకుండా నెమ్మదిగా తిప్పుతూ, పైనుంచి గాలి వీచేలా ఫ్యాన్ పెట్టి రాత్రంతా వదిలేస్తారు. వేడి చేయొద్దు. పైన కట్టిన తెట్టును మస్లిన్ గుడ్డతోనో 60 మెష్ జల్లెడతోనో వడకట్టండి. ఫార్మాల్డిహైడ్ పోసి నిమిషాల్లో తగ్గించే పద్ధతీ ఉంది. ఆ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి చేటు కాబట్టి మేం దాన్ని సిఫారసు చేయం.

వాసన చూసి అమ్మోనియా అంచనా వేయొద్దు. 10 గ్రాముల లాటెక్స్‌ను 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, మిథైల్ రెడ్ రెండు చుక్కలు వేసి, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి, అంటే రంగు మారేదాకా చుక్కచుక్కగా పోయండి. పసుపు గులాబీగా మారేసరికి పట్టిన ఆమ్లాన్ని మిల్లీలీటర్లలో చదివి 0.017తో గుణిస్తే అమ్మోనియా శాతం వస్తుంది. 41 మిల్లీలీటర్లు పడితే 0.7 శాతం. 12 పడితే 0.2.

ఇంత పట్టింపు ఎందుకంటే, పేరుకునేలా చేసే సిలికోఫ్లోరైడ్ నీళ్లలో విడిపోయి ఆమ్లాన్ని వదులుతుంది. లాటెక్స్ పీహెచ్ 10 నుంచి 8.5 చుట్టుపక్కలకు దిగితేనే నురుగు పేరుకుంటుంది. అమ్మోనియా ఎక్కువుంటే ఆ ఆమ్లమంతా దాన్ని చల్లార్చడానికే ఖర్చవుతుంది. నురుగు పేరుకునేలోపే కుంగిపోతుంది. అమ్మోనియా మరీ తగ్గితే జింక్ ఆక్సైడ్ పడగానే గిన్నెలోనే చిక్కబడుతుంది. ఈ రెండూ తెలియక సిలికోఫ్లోరైడ్‌ను పెంచుతూ తగ్గిస్తూ పోయేవాళ్లు ఏ రోజుకారోజు కొత్త ఫోమ్ తీస్తుంటారు.

మెచ్యూరేషన్ (మగ్గబెట్టడం)

లాటెక్స్‌లో ముందు 20 గ్రాముల సబ్బు, తర్వాత గంధకం, రెండు యాక్సిలరేటర్లు, యాంటీఆక్సిడెంట్ కలపండి. జింక్ ఆక్సైడ్, డీపీజీ, సిలికోఫ్లోరైడ్ ఇప్పుడు వేయకూడదు. మూత పెట్టి, గది ఉష్ణోగ్రతలో 16 నుంచి 24 గంటలు నెమ్మదిగా తిప్పుతూ ఉంచాలి. వేడి రోజుల్లో 16 గంటలు చాలు.

ఎంతవరకు మగ్గిందో క్లోరోఫాం పరీక్ష చెబుతుంది. మిశ్రమం, క్లోరోఫాం సమపాళ్లలో కలిపి తిప్పితే రెండు మూడు నిమిషాల్లో రబ్బరు విడిపోతుంది. లాగితే సాగే జిగట ముద్ద వస్తే ఇంకా మగ్గలేదు. సాగకుండా పుటుక్కున తెగే మెత్తని ముద్ద వస్తే సరిగ్గా ఉంది. పొడిపొడి రవ్వలా వస్తే ఎక్కువ మగ్గింది. అలాంటి రేణువులు ఒకదానికొకటి సరిగా అతుక్కోవు, దానితో చేసిన ఫోమ్ చీలుతుంది. ఈ పరీక్ష గాలి ఆడే చోటే చేయండి.

నురుగు కొట్టడం, పోయడం

20 లీటర్లకు తగ్గని గిన్నె, తీగల విస్క్ ఉన్న ప్లానెటరీ మిక్సర్ కావాలి. మిశ్రమం 25–28 డిగ్రీల మధ్య ఉండాలి. మొదలుపెట్టకముందే అన్నీ తూచి, వరుసగా పెట్టుకుని, అచ్చును కూడా సిద్ధం చేసుకోండి. సిలికోఫ్లోరైడ్ పడ్డాక దేనికోసమూ వెతికే తీరిక ఉండదు.

1. మగ్గిన మిశ్రమం, మిగిలిన 30 గ్రాముల సబ్బు గిన్నెలో వేసి ఒక నిమిషం తక్కువ వేగంతో కలపండి.
2. వేగం పెంచి 4 నుంచి 6 నిమిషాలు కొట్టండి. ఎనిమిది రెట్లు పొంగాలి. కంటి లెక్క నమ్మొద్దు. లీటరు గిన్నెలో నింపి, పైన చదును చేసి తూచండి. 120 గ్రాములుంటే ఎనిమిది రెట్లు వచ్చినట్టే.
3. మధ్య వేగానికి దించి 2 నిమిషాలు తిప్పండి. పెద్ద బుడగలు విరిగి నురుగు సన్నబడేది ఇక్కడే. ఈ దశ తగ్గించుకుంటే ఫోమ్‌లో కందిగింజంత రంధ్రాలు మిగులుతాయి.
4. జింక్ ఆక్సైడ్, డీపీజీ కలిపి అర నిమిషంలో పోసి, మరో నిమిషం తిప్పండి.
5. సిలికోఫ్లోరైడ్‌ను సన్నటి ధారగా పోస్తూ 45 నుంచి 60 సెకన్లు కలిపి ఆపేయండి. గిన్నె అడుగున విస్క్ అందని చోటు ఏదైనా ఉంటే రబ్బరు గరిటెతో ఒక్కసారి కిందినుంచి పైకి తీయాలి.
6. వెంటనే అచ్చులో పోయండి.

జింక్ ఆక్సైడ్‌ను ముందే వేయకపోవడానికి కారణముంది. అది అమ్మోనియాతో కలిసి జింక్ అమ్మైన్ అయాన్లుగా మారుతుంది. పీహెచ్ దిగేటప్పుడు ఆ జింక్ సబ్బును పట్టుకుని కరగని జింక్ సబ్బుగా మార్చేస్తుంది. అండగా ఉన్న సబ్బు పోయిన రబ్బరు రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రాత్రంతా మగ్గే మిశ్రమంలో ఇది మొదలైతే తెల్లారేసరికి తొట్టె నిండా చిక్కటి ముద్దే.

అచ్చు అల్యూమినియందైతే మేలు. 40 డిగ్రీలకు వేడి చేసి, ఫోమ్ అచ్చుకు అంటకుండా చూసే సిలికాన్ ఎమల్షన్ లాంటి విడుదల పూత పలుచగా రాసి ఆరనివ్వాలి. ఒక మూల నుంచి, తక్కువ ఎత్తు నుంచి పోయండి. ఎత్తు నుంచి పోస్తే గాలి చిక్కుకుని ఫోమ్ చర్మం (పైపొర) మీద గుంటలు పడతాయి. కాస్త పొర్లేంత పోసి మూత వేయాలి. మూతకు గాలి పోయే 2–3 మిల్లీమీటర్ల రంధ్రాలు ఉండాలి. పరుపుల్లాంటి మందపాటి సరుకుకు మూత నుంచి కిందికి దిగే పిన్నులుంటాయి. పరుపుల్లో కనిపించే గుండ్రటి గొట్టాలు వాటి జాడే. అవి వేడిని మధ్యలోకి చేరుస్తాయి, రబ్బరునూ ఆదా చేస్తాయి.

పేరుకునే సమయం

అచ్చు నింపినప్పుడే పక్కన ఒక కప్పులో కొంచెం నురుగు పట్టి ఉంచండి. వేలితో తాకితే మొదట తెల్లగా అంటుతుంది. కాసేపటికి వేలు తడి అవుతుంది గానీ నురుగు అంటదు, నొక్కితే చిన్న గుంట నిలిచి ఉంటుంది. అదే పేరుకున్న గుర్తు. సిలికోఫ్లోరైడ్ పడ్డప్పటి నుంచి 3–5 నిమిషాల్లో ఇది రావాలి. రాకపోతే తర్వాతి గిన్నెలో ఆ డిస్పర్షన్‌ను 5 గ్రాములు పెంచండి. రెండు నిమిషాలకే వస్తే 5 గ్రాములు తగ్గించండి, లేదా మిశ్రమాన్ని చల్లబరచండి. అంతకు మించి మార్చాల్సి వస్తోందంటే తప్పు ఇంకెక్కడో ఉంది. అమ్మోనియా మళ్లీ చూసుకోండి.

ఆవిరి, కడగడం, ఆరబెట్టడం

పేరుకున్నాక మరో ఐదు నిమిషాలు ఆగి అచ్చును 100 డిగ్రీల ఆవిరిలో పెట్టాలి. 5 సెంటీమీటర్ల మందానికి 30 నిమిషాలు, 10 సెంటీమీటర్లకు 45 నిమిషాల నుంచి గంట. తొందరపడి పచ్చి నురుగుకు ఆవిరి పడితే లోపలి గాలి వ్యాకోచించి బుడగల గోడలు తెగుతాయి, దిమ్మ మధ్యలో గుహలు పడతాయి.

అచ్చు కాస్త చల్లారాక, చేత్తో పట్టుకోగలిగే వేడి ఉన్నప్పుడే ఊడదీయండి. బాగా వేడిమీద తడి ఫోమ్ తేలిగ్గా చిరుగుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండుతూ, నీళ్లు మారుస్తూ, పిండిన నీళ్లలో నురుగు రానంతవరకు కడగాలి. మెలితిప్పకూడదు, రెండు రోలర్ల మధ్య నొక్కి తీయాలి. కడగడంలో సబ్బు, ఫ్లోరైడ్ లవణాలతో పాటు లాటెక్స్ ప్రోటీన్లు కూడా చాలావరకు పోతాయి. కొందరికి లాటెక్స్ పడకపోవడానికి కారణం ఈ ప్రోటీన్లే.

గాలి తిరిగే ఓవెన్‌లో 65–70 డిగ్రీల దగ్గర 8–10 గంటలు ఆరబెట్టండి. గంట తేడాతో రెండుసార్లు తూచినప్పుడు బరువు మారకపోతే ఆరినట్టు. ఎండలో ఆరబెట్టడం దండగ, పై చర్మం పసుపెక్కి పెళుసు బారుతుంది.

ఆరాక దిమ్మ ప్రతి వైపూ దాదాపు 8 శాతం కుంచించుకుంటుంది. 80 × 40 × 5 అచ్చు నుంచి 73.6 × 36.8 × 4.6 సెంటీమీటర్ల దిమ్మ వస్తుంది. ఘనపరిమాణం 12.5 లీటర్లు, బరువు 1.1 కిలోలు, అంటే సాంద్రత ఘనమీటరుకు 88 కిలోలు. సీటుకు ఇది చక్కగా సరిపోతుంది. దిండుకు ఇంకా తేలిక కావాలంటే నురుగును పదకొండు, పన్నెండు రెట్లు కొట్టాలి, సబ్బు కాస్త పెంచాలి. మీ అచ్చులో మొదటి దిమ్మ కొలిచాకే అసలు కుదింపు ఎంతో తెలుస్తుంది. కొనేవాళ్లకు కచ్చితమైన కొలత ఇస్తామని అంతకుముందే మాటివ్వకండి.

ఏది తప్పితే ఏమవుతుంది

దిమ్మ అడుగున గట్టి పొర, పైన గుల్లగా ఉంటే నురుగు పేరుకునేలోపు దాంట్లోని ద్రవం కిందికి జారింది. పేరుకునే సమయం తగ్గించాలి. డన్‌లప్ ఫోమ్‌లో ఈ తేడా లేశమైనా ఉంటుంది, దాన్ని పూర్తిగా పోగొట్టలేం.

నిలువునా చీలికలు వస్తే మూడు అనుమానాలు: ఎక్కువ మగ్గిన మిశ్రమం, సిలికోఫ్లోరైడ్ ఎక్కువ పడటం, పేరుకున్న తర్వాత అచ్చును కదపడం. ముందు మూడోదాన్ని చూడండి. ఖర్చు లేని తనిఖీ, తరచూ దొరికే దొంగ కూడా.

నొక్కితే తిరిగి లేవడానికి బద్ధకిస్తుంటే వల్కనైజింగ్ చాలలేదు. ఆవిరి సమయం పెంచేముందు గంధకం డిస్పర్షన్ అడుగు దాకా కలిపారా అని చూడండి. ఇక 50 శాతం నొక్కి 70 డిగ్రీల దగ్గర 22 గంటలు ఉంచి, మందం ఎంత తిరిగి వచ్చిందో కొలవడం ప్రామాణిక పరీక్ష.

చర్మం ఊడివస్తుంటే అచ్చు చల్లగా ఉందనో పూత ఎక్కువైందనో అర్థం. కుళ్లు వాసన వదలకపోతే మళ్లీ కడగండి. అత్తరు పూసి కప్పిపుచ్చకండి.

జాగ్రత్తలు

సోడియం సిలికోఫ్లోరైడ్ విషం. పొడి తూచేటప్పుడు మాస్కు, చేతితొడుగులు తప్పనిసరి. కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్, జింక్ ఉంటాయి, నేరుగా కాలువలోకి వదలకూడదు. ముందు కొంచెం ఆమ్లంతో మిగిలిన రబ్బరును గడ్డకట్టించి తీసేయాలి. తర్వాత సున్నం కలిపితే ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా, జింక్ హైడ్రాక్సైడ్‌గా అడుక్కి దిగుతాయి. ఆ తేటను స్థానిక నిబంధనల ప్రకారమే వదలాలి.

వాడకం

లాటెక్స్ ఫోమ్ వేడికి కరగదు, మాడుతుంది. అందుకే పాలియురిథేన్ ఫోమ్‌కు వాడే కొన్ని వేడితీగ పనిముట్లు దీనికి పనికిరావు. పొడవాటి బ్లేడున్న ఎలక్ట్రిక్ కత్తి లేదా బ్యాండ్ సా వాడండి. బ్లేడును సబ్బునీళ్లతో తడుపుతూ కోస్తే పట్టేయదు. కోసేటప్పుడు ఫోమ్‌ను నొక్కి పట్టుకుంటే అంచు లోపలికి వంపు తిరుగుతుంది. ముక్కలు అతికించడానికి నీటితో చేసిన లాటెక్స్ జిగురు మంచిది. రెండు ముఖాలకూ పలుచగా రాసి, ఆరాక ఒత్తాలి. పెట్రోలియం సాల్వెంట్ ఉన్న జిగుర్లు ఫోమ్‌ను ఉబ్బిస్తాయి.

పరుపు కింద పట్టీలున్న మంచమైతే పట్టీల మధ్య సందు 5–7 సెంటీమీటర్లు దాటకూడదు. గాలి ఆడని ప్లాస్టిక్ షీటు మీద పరిస్తే అడుగున తేమ చేరి బూజు పడుతుంది. ఎప్పుడూ బట్ట తొడుగులోనే ఉంచాలి. వెలుతురు, ఓజోన్ రబ్బరును పెళుసు చేస్తాయి, నూనె ఉబ్బిస్తుంది. మరక పడితే ఆ చోట మాత్రం తడిగుడ్డతో అద్దండి, నీడలో ఆరనివ్వండి. లాటెక్స్ దిండును బట్టలారబెట్టే యంత్రంలో ఎన్నడూ వేయొద్దు. రబ్బరు ఆక్సిజన్‌తో కలుస్తూ తనంతట తానే వేడెక్కుతుంది. ఫోమ్‌లోంచి ఆ వేడి బయటకు పోదు. యంత్రం ఆపేశాక కూడా లోపల రాజుకుని మంటలు లేచే ప్రమాదం ఉంది.